ప్రోగ్రాం రాయడం సరే, చదవడం నేర్పేదెవరు?

సీబీఎస్‌ఈలో 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లల బ్యాగు తెరిస్తే రెండు వస్తువులు తప్పకుండా దొరుకుతాయి. ఒకటి, ఎవరో టీచర్ తయారుచేసిన నోట్సుకి తీసిన జిరాక్స్ కట్ట. రెండోది, బ్రౌన్ అట్ట వేసిన ల్యాబ్ రికార్డు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఉంటే ఉంటుంది, లేకపోతే ఫోన్లో పీడీఎఫ్‌గా ఉంటుంది, తెరిచేది తక్కువ. రికార్డుకి బోర్డు ఒక లెక్క పెట్టింది: పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కనీసం 15 ప్రోగ్రాములు, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాషలో 5 సెట్ల క్వెరీలు, పైథాన్‌ని డేటాబేస్‌కి కలిపే ప్రోగ్రాములు కనీసం 4. మొత్తం 30 ప్రాక్టికల్ మార్కుల్లో దీని వాటా 7. ఈ 7 మార్కుల కోసం ప్రాక్టికల్స్ ముందు రాత్రుళ్లు చాలామంది చేసే పని ఏంటంటే, సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని గీతల పేజీ మీద ప్రోగ్రాం, తెల్ల పేజీ మీద అవుట్‌పుట్ చూసి ఎక్కించడం. కంప్యూటర్ ఆన్ చేయకుండానే కంప్యూటర్ రికార్డు పూర్తవుతుంది. సీనియర్ రికార్డులో ఒకచోట కోలన్ ఎగిరిపోయి ఉంటే జూనియర్ రికార్డులోనూ ఎగిరిపోతుంది, కింద అవుట్‌పుట్ మాత్రం శుభ్రంగా వచ్చినట్టే ఉంటుంది.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. వాళ్ల చేతికి వచ్చే మెటీరియల్ అంతా వండి వడ్డించిన ప్రోగ్రామే. పుస్తకంలో ప్రోగ్రాం ఉంటుంది, దాని కింద అవుట్‌పుట్ ఉంటుంది, అధ్యాయం చివర "ఈ కింది వాటికి ప్రోగ్రాం రాయండి" అని ఓ పదిహేను ప్రశ్నలు ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య ఉండాల్సింది లేదు. ఇచ్చిన ప్రోగ్రాంని లైను లైనూ చదవడం, ఏ లైను దగ్గర ఏ వేరియబుల్‌లో (విలువ దాచుకునే పేరులో) ఏముందో కాగితం మీద రాసుకోవడం, ఒక లైను తీసేస్తే ఏమవుతుందో ఊహించడం, తప్పు వచ్చినప్పుడు ఆ తప్పు ఏం చెబుతోందో అర్థం చేసుకోవడం, వీటికి విడిగా పేజీలు కేటాయించిన మెటీరియల్ మన దగ్గర చాలా తక్కువ. తెలుగైనా ఇంగ్లీషైనా ముందు చదవడం వచ్చాకే కదా సొంతంగా వ్యాసం రాయమంటాం. ప్రోగ్రామింగ్‌లో మాత్రం రెండో వారానికే రాయమంటాం, రాకపోతే "లాజిక్ లేదు" అని ముద్ర వేసేస్తాం.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోవద్దు. 2001లో మైకేల్ మెక్రాకెన్ నాయకత్వంలో కొందరు అధ్యాపకులు నాలుగు విశ్వవిద్యాలయాల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సులు చదివిన 216 మంది విద్యార్థులకు ఓ పరీక్ష పెట్టారు. 110 మార్కులకు సగటున 23 కూడా రాలేదు. అప్పట్లో ఇది పెద్ద చర్చే అయ్యింది, సమస్యను ముక్కలు చేసుకుని పరిష్కరించే శక్తి వీళ్లకి లేదేమో అని అందరూ అనుకున్నారు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం ఏడు దేశాల్లో ఇంకో రకం పరీక్ష పెట్టింది. ఇందులో రాసే పని లేదు, చిన్న చిన్న ప్రోగ్రాములు ఇచ్చి ఇది నడిస్తే చివరికి ఏమొస్తుందో, కొన్నిట్లో ఖాళీ వదిలిన చోట ఏ లైను రావాలో గుర్తించమన్నారు, అంతే. అందులోనూ చాలామంది తడబడ్డారు. అంటే లోపం సమస్యా పరిష్కారం దాకా వెళ్లకముందే ఉంది, ఎదురుగా ఉన్న పది లైన్లు చదవడమే రావడం లేదు. ఇది తెలిసి ఇరవై ఏళ్లు దాటింది. మన నోట్సులు మాత్రం "ఇంపార్టెంట్ ప్రోగ్రామ్స్" దగ్గరే ఆగాయి.

ఈ నోట్సులకి ఓ చరిత్ర ఉంది. సీబీఎస్‌ఈ ఈ సబ్జెక్టులో చాలాకాలం సీ++ భాష నడిపింది, అదీ టర్బో సీ++ మీద. 1990ల నాటి డాస్ సాఫ్ట్‌వేర్ అది. విండోస్ కొత్త వెర్షన్లలో నేరుగా నడవకపోతే పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపారు. ఆ నీలం స్క్రీన్ చూడని కంప్యూటర్ టీచర్ మన రాష్ట్రాల్లో ఉండరు. 1998లో సీ++ ప్రమాణం స్థిరపడ్డాక ఆ పాత హెడర్ ఫైళ్లు, "వాయిడ్ మెయిన్" అన్నీ చెల్లని సరుకయ్యాయి, కానీ క్లాసురూములో ఇంకో ఇరవై ఏళ్లు "క్లియర్ స్క్రీన్", "గెట్‌సీహెచ్" రాయించాం. ఎందుకు రాస్తున్నామని ఎవరూ అడగలేదు, అలా రాస్తే అవుట్‌పుట్ ఆగి కనిపిస్తుంది, అంతే. 2019–20 నాటికి పైథాన్ వచ్చింది, ఆ పై ఏడాదికి సీ++ పూర్తిగా పోయింది. భాష మారింది గానీ నోట్సు తయారుచేసే పద్ధతి మారలేదు. పాత నోట్సులోని ఫ్యాక్టోరియల్, ఫైబొనాచి, ప్రైమ్ నంబర్, పాలిండ్రోమ్ అవే వరుసలో పైథాన్‌లోకి దిగిపోయాయి. సీ++ నుంచి మార్చినట్టు తెలిసిపోయే ప్రోగ్రాములు ఇప్పటికీ తిరుగుతున్నాయి, లిస్టులో ఒక్కో విలువ నేరుగా తీసుకునే వీలున్నా ఇండెక్స్ (స్థానం నంబరు) పెట్టి తిప్పడం వాటి గుర్తు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు అంత చెడ్డవి కావు, ఆ మాట ముందే చెప్పాలి. 11వ తరగతిది 2019లో, 12వ తరగతిది 2020లో వచ్చాయి, రెండూ ఉచితంగా పీడీఎఫ్ దొరుకుతాయి, భాష శుభ్రంగా ఉంటుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే పుస్తకం ఒక దారిలో, బోర్డు సిలబస్ ఒక దారిలో పోతున్నాయి. 12వ తరగతి పుస్తకంలో క్యూ, సార్టింగ్, సెర్చింగ్ అధ్యాయాలు ఉన్నాయి, పరీక్షకి స్టాక్ ఒక్కటే. పరీక్షకి పైథాన్‌ని మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌తో కలపడం కావాలి, దానికి పుస్తకంలో అధ్యాయం లేదు. అందుకని టీచర్ బయటి గైడు పట్టుకోక తప్పదు. ఓసారి గైడు చేతికొచ్చాక పుస్తకం వైపు మళ్లీ చూసేవాళ్లు తక్కువ, ఎందుకంటే గైడులో గత ఐదేళ్ల ప్రశ్నలు యూనిట్ వారీగా ఉంటాయి. థియరీ 70 మార్కుల్లో ప్రోగ్రామింగ్‌కి 40, డేటాబేస్‌కి 20, నెట్‌వర్క్స్‌కి 10. ఏ యూనిట్‌లో ఏ ప్రశ్న ఏ ఆకారంలో వస్తుందో పిల్లలకు కంఠతా వచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. పరీక్షలో "అవుట్‌పుట్ రాయండి", "తప్పులు సరిదిద్ది ప్రతి సవరణ కింద గీత గీయండి" అనే ప్రశ్నలు ఉన్నాయి కదా, అవి చదవడమే కదా అని. నిజమే, బోర్డుకి ఆ ఆలోచన ఉంది. కానీ ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. ఒక స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, ఇస్తారు, అందులో పెద్ద అక్షరం కనిపిస్తే చిన్నది చేయాలి, అంకె కనిపిస్తే ముందు అక్షరం పెట్టాలి, ఇండెక్స్ సరి సంఖ్య అయితే హ్యాష్ గుర్తు పెట్టాలి. బుద్ధున్న వాడెవడూ ఏ పనికీ అలాంటి ప్రోగ్రాం రాయడు. వేరియబుల్ పేర్లన్నీ ఒంటి అక్షరాలే. ఇది పిల్లాడి ఓపికకి పరీక్ష, అర్థానికి కాదు. ప్రోగ్రాం దేనికి రాశారో తెలిసినప్పుడే "ఈ లైను ఇక్కడ ఎందుకుంది" అన్న ప్రశ్న పుడుతుంది. ఏ ఉద్దేశమూ లేని ప్రోగ్రాంని చదివితే అక్కడ అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు, యంత్రంలాగా లెక్క కట్టుకుపోవడమే.

మంచి మెటీరియల్ ఎలా ఉండొచ్చో ఒక చిన్న ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ముగ్గురు పిల్లల మార్కులు 40, 55, 70. వీటి సగటు కావాలి. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, ఇది చాలామంది టీచర్లకే తెలియదు, కాబట్టి "మొత్తం = 0" అని ఒక లైను రాద్దాం. తర్వాత ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఫర్ లూప్ పెట్టి ఒక్కో మార్కునీ మొత్తానికి కలపడం, చివర 3తో భాగించడం. నాలుగైదు లైన్ల పని. ఇప్పుడు పిల్లలకి దీని రెండు రూపాలు పక్కపక్కన ఇవ్వాలి. ఒకదాంట్లో "మొత్తం = 0" లూప్‌కి పైన ఉంది, రెండోదాంట్లో లూప్ లోపల ఉంది. రెండూ నడుస్తాయి, ఎర్రర్ రాదు. మొదటిది 55 చూపిస్తుంది, రెండోది 23.33 చూపిస్తుంది. ఎందుకు?

ఇక్కడే ట్రేస్ టేబుల్ పనికొస్తుంది. కాగితం మీద మూడు గడులు గీసి, లూప్ ప్రతిసారి తిరిగాక మొత్తంలో ఎంతుందో రాయమనాలి. మొదటి రూపంలో 40, 95, 165. రెండో రూపంలో 40, 55, 70. రెండో వరుస రాస్తుండగానే పిల్లాడి చెయ్యి ఆగుతుంది, ప్రతిసారీ పాత మొత్తం చెరిగిపోతోందని వాడికే తెలుస్తుంది, టీచర్ నోరు విప్పక్కర్లేదు. చివరి మార్కు 70 ఒక్కటే మిగిలి దాన్ని 3తో భాగించారు, అందుకే 23.33. ఈ ఒక్క పేజీ మీద అరగంట గడిపితే లూప్ అంటే ఏంటో తెలిసినట్టే, ఆ తర్వాత అదే అధ్యాయంలోని ఇరవై ప్రోగ్రాములు ఎక్కించినా రానిది దీంతో వస్తుంది. అయితే ఇలాంటి పేజీ ఏ గైడులోనూ ఉండదు, ఎందుకంటే తప్పు ప్రోగ్రాం అచ్చు వేయడమంటే పబ్లిషర్‌కి భయం. పిల్లలు తప్పుదాన్నే నేర్చుకుంటారేమో అని పేరెంట్స్ నుంచి ఫోన్లు వస్తాయని ఇంకో భయం.

ఈ పద్ధతికి బయట పేర్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో స్యూ సెంటెన్స్, ఆవిడ సహచరులు రూపొందించిన "ప్రిమ్" అనే పాఠ క్రమంలో పిల్లలు ముందు ఏమొస్తుందో ఊహిస్తారు, తర్వాత నడిపి చూస్తారు, లోపల తవ్వుతారు, కొంచెం మారుస్తారు, సొంతంగా రాయడం అన్నిటికన్నా చివర. న్యూజిలాండ్‌లో డేల్ పార్సన్స్, పట్రీషియా హేడెన్ 2006లో ఇంకో రకం అభ్యాసం ప్రతిపాదించారు, ప్రోగ్రాం లైన్లన్నీ కలగాపులగం చేసి ఇస్తే పిల్లలు వరుసలో పేర్చాలి. పైథాన్‌కి ఇది ఇంకా బాగా కుదురుతుంది, వరుసతో పాటు ఏ లైను ఎంత లోపలికి జరగాలో కూడా చెప్పాలి కాబట్టి. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చీటీలు చాలు. నోట్సులో పదిహేను ప్రోగ్రాములు ఉన్నచోట ఐదు తీసేసి వాటిని చీటీలుగా కత్తిరించి ఇస్తే ఖర్చు ఒక కత్తెర.

తర్వాత ఎర్రర్ల సంగతి. పైథాన్‌తో వచ్చే ఐడిల్ అనే ఎడిటర్‌లో తప్పు జరిగితే ఎర్రక్షరాల్లో నాలుగైదు లైన్లు వస్తాయి. పిల్లలు ఆ ఎరుపు చూడగానే టెన్షన్ పడి కిటికీ మూసేస్తారు, లేదంటే "సార్, ఎర్రర్" అని కేకేస్తారు. ఆ లైన్లని కింద నుంచి పైకి చదవాలని, చివరి లైనులో తప్పు పేరు, దాని పైన లైను నంబరు ఉంటాయని చెప్పే పేజీ మన నోట్సుల్లో కనబడటం అరుదు. ఎర్రర్లని సంభాళించడం నేర్పే ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ అధ్యాయం 12వ తరగతిలో వస్తుంది, అప్పటికి పిల్లలు ఏడాదిగా ఎర్రర్లతో కుస్తీ పడుతూనే ఉన్నారు. గోడకి అంటించుకునే ఒక్క కాగితం చాలు. నేమ్ ఎర్రర్ వస్తే, ఆ పేరుతో ఏదీ పరిచయం చేయలేదు, స్పెల్లింగ్ చూసుకో. టైప్ ఎర్రర్ వస్తే, చాలాసార్లు అంకెనీ అక్షరాల్నీ కలపమన్నావు. ఇండెంటేషన్ ఎర్రర్ వస్తే, లైను జరగాల్సినంత జరగలేదు, లేదా అక్కర్లేకుండా జరిగింది. ఇక ఎర్రర్ రాకుండా మోసం చేసేది ఒకటుంది: ఇన్‌పుట్‌తో తీసుకున్న 5, 7 కూడితే 57 వస్తుంది. అవి అంకెలు కావు, అక్షరాలు, పక్కపక్కన అతుక్కున్నాయి. దీన్ని ఎర్రర్ల జాబితాలోనే, అన్నిటికన్నా పైన పెట్టాలి.

మెటీరియల్ వల్లే వచ్చే ఎర్రర్ కూడా ఒకటుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. టీచర్ నోట్సు వర్డ్‌లో టైప్ చేస్తారు. వర్డ్ అలవాటు ప్రకారం కోట్ గుర్తుల్ని వంపు తిప్పి అందంగా మారుస్తుంది. అది పీడీఎఫ్ అవుతుంది, వాట్సాప్ గ్రూపులో వస్తుంది, పిల్లాడు అక్కడి నుంచి కాపీ చేసి పైథాన్‌లో పేస్ట్ చేస్తాడు. చెల్లని అక్షరం అంటూ సింటాక్స్ ఎర్రర్. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, పైథాన్‌కి మాత్రం నిటారు కోట్ వేరు, వంపు కోట్ వేరు. పీడీఎఫ్ నుంచి వచ్చేటప్పుడు ఖాళీలు కూడా చెదిరిపోతాయి, పైథాన్‌లో ఖాళీయే వ్యాకరణం. ప్రోగ్రాములున్న మెటీరియల్‌ని పీడీఎఫ్‌గా మాత్రమే పంచడం ఏం పద్ధతో అర్థం కాదు. పక్కనే మామూలు ప్రోగ్రాం ఫైళ్లు కూడా పెడితే సగం గొడవ తీరుతుంది.

ఇప్పుడు మన దగ్గరే పుట్టాల్సిన మెటీరియల్ గురించి. రికార్డులో పాలిండ్రోమ్ (ఎటు చదివినా ఒకటే అయ్యే మాట) ప్రోగ్రాం ఉండని స్కూలు లేదు. మేడమ్, రాడార్, మలయాళం అన్న ఇంగ్లీషు స్పెల్లింగులు ఇచ్చి, స్ట్రింగ్‌ని తిరగేసి, రెండూ ఒకటే అయితే "పాలిండ్రోమ్" అని చూపించడం. ఇదే ప్రోగ్రాంకి మన "వికటకవి" ఇచ్చి చూడండి. తెనాలి రామకృష్ణుడి కథ తెలిసిన ప్రతి పిల్లాడికీ అది ఎటు చదివినా ఒకటే అని తెలుసు. పైథాన్ కాదంటుంది. ఏం జరిగిందంటే, అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో "వి" ఒక అక్షరం కాదు, "వ" ఒకటి, గుడి ఇంకొకటి. వికటకవి మనకు ఐదు అక్షరాలు, పైథాన్ పొడవు అడిగితే 7 అంటుంది. తిరగేస్తే గుడి ముందుకొచ్చి, అంటుకోవడానికి హల్లు లేక గాల్లో తేలుతుంది. "నటన", "జలజ" ఇస్తే మాత్రం ప్రోగ్రాం హాయిగా పనిచేస్తుంది, వాటిలో గుణింతం లేదు కాబట్టి. "తెలుగు" అన్న మాట పొడవు అడిగితే 3 రాదు, 6 వస్తుంది, ఫైల్లో యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే 18 బైట్లు.

ఈ ఒక్క ఉదాహరణలో ఎంత పాఠం ఉందో చూడండి. 11వ తరగతి పుస్తకంలో రెండో అధ్యాయం ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలకి అంకెలిచ్చే పద్ధతులు, అందులో ఆస్కీ, ఇస్కీ, యూనికోడ్ అన్నీ ఉన్నాయి. ఎనిమిదో అధ్యాయం స్ట్రింగ్స్. మధ్యలో నెలల దూరం, పిల్లల బుర్రలో ఆ రెండూ ఎప్పుడూ కలవవు. మొదటిది ఫుల్ ఫారాలు బట్టీపట్టే థియరీ, రెండోది ప్రోగ్రామింగ్. వికటకవి ఆ రెండింటినీ ఒకే బెంచీ మీద కూర్చోబెడుతుంది. తర్వాత పని కూడా ఇవ్వొచ్చు. తెలుగుకి యూనికోడ్ ఇచ్చిన చోటు దశాంశంలో 3072 నుంచి 3199 దాకా. అందులో తలకట్టు, సున్న, విసర్గ తప్ప మిగతా గుణింతం గుర్తులు 3134 నుంచి 3148 మధ్య, పొల్లు 3149. స్ట్రింగ్‌లో ఒక్కో గుర్తు చూస్తూ, అది ఈ వరుసలో ఉంటే ముందున్న హల్లుకి అతికించి, లేకపోతే కొత్త అక్షరంగా లిస్టులో వేస్తే వికటకవి ఐదు అక్షరాలవుతుంది, లిస్టు తిరగేస్తే సరిపోతుంది. పది లైన్లు దాటదు. "సత్య" ఇస్తే మళ్లీ దెబ్బ తింటుంది, పొల్లు తర్వాత వచ్చే హల్లుని కూడా కలుపుకోవాలి, అది హుషారైన పిల్లలకి వదిలేయాలి. ఇలాంటిది సీనియర్ రికార్డులో దొరకదు.

డేటాబేస్ యూనిట్‌లోనూ ఇదే కథ. పుస్తకాల్లో టేబుళ్లన్నీ ఎంప్లాయీ, డిపార్ట్‌మెంట్, ప్రొడక్ట్, ఐదు వరుసలు, ఒక్క తప్పు లేని డేటా. క్లాసు హాజరు పట్టీ తీసుకుని టేబుల్ చేయమంటే అసలు సమస్యలు బయటపడతాయి. శ్రీనివాస్, శ్రీనివాసు, శ్రీనివాసరావు ఒకడేనా ముగ్గురా? ఇంటిపేరు ముందు రాయాలా వెనకా? ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు కాలమ్‌లు పెట్టిన టేబుల్లో మన పిల్లలు సగం మంది ఇంటిపేరు ఒక దాంట్లో, సగం మంది ఇంకో దాంట్లో నింపుతారు, అప్పుడు పేరు వరుసలో పేర్చమంటే పట్టీ కకావికలు. కొందరికి ఇనీషియల్ తప్ప ఇంటిపేరు పూర్తిగా రాసే అలవాటే లేదు. ప్రతి వరుసనీ విడిగా గుర్తుపట్టే ప్రైమరీ కీ ఎందుకు కావాలో నిర్వచనం చెప్పి అర్థం చేయించనక్కర్లేదు, ఒకే క్లాసులో ఇద్దరు కె. సాయికిరణ్‌లు ఉంటే చాలు.

నెట్‌వర్క్స్ 10 మార్కుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నాలుగు బ్లాకులు, వాటి మధ్య దూరాలు, ఒక్కో బ్లాకులో ఎన్ని కంప్యూటర్లు, సర్వర్ ఎక్కడ పెట్టాలి, రిపీటర్ ఎక్కడ పెట్టాలి, ఏటా ఇదే ప్రశ్న ఊరి పేర్లు మార్చుకుని వస్తుంది. ఎక్కువ కంప్యూటర్లున్న బ్లాకులో సర్వర్, దూరం ఎక్కువైతే సిగ్నల్‌ని మళ్లీ పెంచే రిపీటర్, ప్రతి బ్లాకులో కంప్యూటర్లని కలపడానికి హబ్బో స్విచ్చో. హబ్ అనే వస్తువు బజార్లో కనబడటం మానేసి ఏళ్లయినా జవాబుల్లో బతికే ఉంది. స్కూల్లో రౌటర్ ఏ గదిలో ఉందో, అక్కడి నుంచి ల్యాబ్‌కి కేబుల్ ఎటు పోతోందో పిల్లల చేత బొమ్మ గీయిస్తే, మామూలు రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదన్న మాట ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

ఇదంతా సీబీఎస్‌ఈ గొడవ, పైగా 11, 12 తరగతులది. రాష్ట్ర సిలబస్ సర్కారు బడుల్లో పరిస్థితి వేరే రకం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు ప్రైవేటు కంపెనీల ద్వారా కంప్యూటర్లు, ఇన్‌స్ట్రక్టర్లు వచ్చారు, ఐదేళ్ల కాంట్రాక్టు అయిపోయాక ఇన్‌స్ట్రక్టర్లు ఇంటికి పోయారు, యంత్రాలు దుమ్ము పట్టాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ 8వ తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది, అవి ప్రధానంగా వీడియో పాఠాలు చూడటానికి. ప్రతిసారీ డబ్బు పెట్టెకి పోయింది. ఆ పెట్టె మీద ఏ పాఠం చెప్పాలో రాసిన పేజీలకి పోయింది తక్కువ. ఇక ప్రైవేటు బడుల్లో కింది తరగతులకి అమ్మే రంగుల పుస్తకాలు చూస్తే, అబాకస్, బాబేజ్, వాక్యూమ్ ట్యూబులు, కంప్యూటర్ భాగాలు, పెయింట్, వర్డ్, ఏటా అవే, బొమ్మలు మారతాయి. కంప్యూటర్ అన్న మాటకే "కామన్ ఆపరేటింగ్ మెషీన్" అంటూ మొదలయ్యే ఓ దొంగ ఫుల్ ఫారం కూడా పిల్లలు ఇంకా బట్టీ పడుతున్నారు, ఏ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడూ పెట్టని పేరు అది.

కరెంటు, కంప్యూటర్లు అంతంత మాత్రం ఉన్నచోటికి సరిపోయే మెటీరియల్ లేదా అంటే ఉంది. న్యూజిలాండ్‌లోని క్యాంటర్‌బరీ విశ్వవిద్యాలయం నుంచి టిమ్ బెల్, ఆయన మిత్రులు 1990ల నుంచి "అన్‌ప్లగ్డ్" పేరుతో కంప్యూటర్ లేని కంప్యూటర్ పాఠాలు తయారుచేస్తున్నారు, ఉచితంగా దొరుకుతాయి. ఐదుగురు పిల్లల్ని నిలబెట్టి 16, 8, 4, 2, 1 చుక్కలున్న అట్టలు ఇస్తే, ఎవరు చూపిస్తారు ఎవరు తిప్పేస్తారు అన్నదే బైనరీ. 19 కావాలంటే 16, 2, 1 చూపాలి, మిగతా ఇద్దరు తిప్పేయాలి. ఇంకోటి, ఒకవైపు ఒక రంగు, రెండోవైపు ఇంకో రంగు ఉన్న అట్టలు ఐదు వరుసలు ఐదు నిలువులు పేర్చి, టీచర్ చివర ఒక వరుస, ఒక నిలువు కలుపుతారు, ప్రతి వరుసలోనూ ప్రతి నిలువులోనూ ఒక్కో రంగు అట్టలు సరి సంఖ్యలో వచ్చేలా. ఎవరైనా ఒక అట్ట దొంగచాటుగా తిప్పితే టీచర్ ఇట్టే పట్టేస్తారు. పిల్లలకి అది గారడీ, నెట్‌వర్క్‌లో డేటా పాడైతే ఎలా పసిగడతారో అదే పాఠం. దీన్ని తెలుగులో, మన క్లాసు సైజుకి, అరవై మంది ఉన్న గదికి మార్చి రాయాలి.

పక్కనే కేరళ ఉంది. 2001లో ఐటీ@స్కూల్‌తో మొదలుపెట్టి, బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి వెళ్లి, ఆ సాఫ్ట్‌వేర్‌కి తగ్గట్టు సొంత ఐసీటీ పుస్తకాలు మలయాళంలోనూ ఇంగ్లీషులోనూ రాసుకున్నారు. 2017లో దాన్నే కైట్ అనే సంస్థగా మార్చారు, 2025–26లో పదో తరగతి పుస్తకంలో రోబోటిక్స్ కూడా పెట్టారు. అక్కడ గమనించాల్సింది రోబోలని కాదు. పుస్తకం రాసేవాళ్లు, టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు, ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లు ఒకే గొడుగు కింద ఉన్నారు. మన దగ్గర ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో వచ్చాయి, లెక్కలకి సైన్సుకి అది బాగానే పనికొచ్చింది. ఆ పద్ధతి కంప్యూటర్‌కే అన్నిటికన్నా నప్పుతుంది: ప్రోగ్రాం, ఎర్రర్ మాటలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, అది ఎందుకలా అయిందన్న వివరణ తెలుగులో ఉంటే చాలు.

ఎందుకింత పట్టింపు అంటే, ఇంటర్మీడియట్ ఎంపీసీలో కంప్యూటర్ సైన్స్ లేదు. రెండేళ్లు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ రుబ్బి, ర్యాంకు తెచ్చుకుని, సీఎస్‌ఈ సీటు వచ్చిన పిల్ల జీవితంలో మొదటిసారి ప్రోగ్రాం చూసేది చాలాసార్లు బీటెక్ మొదటి ఏడాదిలో, అదీ చాలా కాలేజీల్లో సీ భాషలో. అక్కడా మళ్లీ రికార్డే, మళ్లీ ఫైబొనాచే.

ఇప్పుడు ఏ ప్రోగ్రాం అడిగినా ఫోన్లో ఏఐ అర నిమిషంలో రాసిస్తోంది. రికార్డులో ఎక్కించే పదిహేను ప్రోగ్రాముల విలువ ఇక కాగితం ధర అంతే, టీచర్లకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. మిగిలిందల్లా వచ్చిన ప్రోగ్రాంని చదివి ఇది సరైందా కాదా అని తేల్చడం. సీబీఎస్‌ఈ ప్రాక్టికల్‌లో వైవాకి, అంటే నోటి పరీక్షకి, 3 మార్కులున్నాయి. రికార్డు 7కి, వైవా 3కి మధ్య వాటా మార్చడం స్కూలు చేతిలో లేదు, ఆ మూడు మార్కులకి ఏం అడగాలన్నది మాత్రం కొంతవరకు ఉంది. "లిస్ట్ అంటే ఏమిటి, టపుల్ అంటే ఏమిటి" బదులు, ఆ పిల్లాడి రికార్డే తెరిచి ఏదో ఒక లైను మీద వేలు పెట్టి "ఇది తీసేస్తే ఏమొస్తుంది?" అని అడగొచ్చు. అలా అడుగుతారని జూన్‌లోనే క్లాసులో చెప్పేస్తే, పిల్లలు సీనియర్ రికార్డు తెచ్చుకున్నా దాన్ని కనీసం నడిపి చూడక తప్పదు.